పరాయి దేశాన పుట్టి గుంటూరు మనిషైన డాక్టరమ్మ



మనలో ఇంచుమించు ప్రతి స్త్రీకీ రెండు ఊళ్ళుంటాయి. ఒకటి పుట్టినూరు, రెండోది మెట్టినూరు. పుట్టినూరు మనకి ఊరికే దొరుకుతుంది. మెట్టినూరు మాత్రం అట్లా దొరకదు, దాన్ని సంపాదించుకోవాలి. అత్తగారింట్లో పులుసులో బెల్లం వేస్తారో వెయ్యరో తెలుసుకోవడం దగ్గర్నించీ, ఎవర్ని ఏ వరసని పిలవాలో నేర్చుకోవడం దాకా ఎన్ని సంగతులో! సత్తెనపల్లి పిల్ల నరసరావుపేటకి కోడలుగా వొస్తేనే ఇల్లు అలవాటు కావడానికి ఏడాది పడుతుంది కదా. మరి ఒకావిడ సముద్రాల అవతలనించి, పెళ్ళి అనే వంక కూడా లేకుండా, ఒక్క మాట తెలుగు రాకుండా మన గుంటూరికి వొచ్చి, నలభై ఆరేళ్ళ పైచిలుకు ఈ ఊరినే మెట్టినూరు చేసుకుంది. ఇక్కడి ఎండలూ, ఇక్కడి నీళ్ళూ, ఇక్కడి మాటా అన్నీ అలవాటు చేసుకుని, చివరికి ఈ ఊళ్ళోనే కన్ను మూసింది. ఆవిడ పేరు అన్నా సారా కుగ్లర్. అమెరికా దేశపు డాక్టరు.

కుగ్లర్ అన్న మాట మనకి కొత్త కాదు. గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి అంటే ఎరగని వాళ్ళు అరుదు. పల్నాడు ఇళ్ళల్లో పెద్దవాళ్ళనడిగి చూడండి, ‘మా అమ్మకి కాన్పు అక్కడే అయింది’ అనో, ‘మా మేనత్తని బండి కట్టి అక్కడికే తీసుకెళ్ళారు’ అనో ఎవరో ఒకరు చెబుతారు. కాని ఆ పేరు ఒక మనిషిదనీ, ఆ మనిషి ఒక ఆడమనిషనీ చాలామందికి తెలీదు. పేరు గోడమీద మిగిలింది, మనిషి మరుగున పడింది. పల్నాటి స్త్రీలంటే నాయకురాలు నాగమ్మనీ, మాంచాలనీ తలుచుకుంటాం. మంచిదే. వాళ్ళు యుద్ధం కథలో మనుషులు. ఈవిడది మరో రకం యుద్ధం. అది పురిటిగదిలో జరిగిన యుద్ధం.

ఆ యుద్ధమేమిటో తెలియాలంటే ముందు ఆ కాలంలో పురుడు ఎట్లా జరిగేదో కాస్త తెలుసుకోవాలి. నూటనలభై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి గుంటూరు జిల్లా లేదు. గుంటూరూ, మన నరసరావుపేటా, పల్నాడూ అన్నీ కృష్ణా జిల్లాలో ఉండేవి. గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడింది 1904లో. గుంటూరికి రైలు కూడా రాలేదు. నరసరావుపేటనించి గుంటూరు వెళ్ళాలంటే నలభై అయిదు కిలోమీటర్ల బండి ప్రయాణం. ఇవాళ బస్సులో గంటకి కాస్త అటూ ఇటూగా చేరుకుంటాం. అప్పుడు ఎడ్లని మధ్యలో మేపుకుంటూ రాత్రంతా నడపాలి. నొప్పులు పడుతున్న మనిషిని ఆ బండిలో వేసి తీసుకెళ్ళడమంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పురుడు పొయ్యడానికి ఊళ్ళో మంత్రసాని ఉండేది. ఆవిణ్ణి చిన్నచూపు చూడకూడదు. మామూలు కాన్పుని ఎంతో నేర్పుగా చేసేది. చిక్కొచ్చిపడేది కాన్పు మామూలుగా లేనప్పుడు. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ పడకపోతే, పురుడయ్యాక నెత్తురు ఆగకపోతే ఆవిడ చేతిలో సాధనమంటూ లేదు. ఇంకో సంగతి, శుభ్రం. కంటికి కనిపించని క్రిములు చేతులద్వారా పురిటాలి ఒంట్లోకి పోయి జ్వరం తెస్తాయని అప్పటికి ఊళ్ళల్లో ఎవరికీ తెలీదు. ఆ మాటకొస్తే యూరపులో పెద్ద డాక్టర్లే చాలాకాలం నమ్మలేదు. వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లో, పురిటిగదిలోకి వెళ్ళేముందు డాక్టర్లందరూ మందునీళ్ళతో చేతులు కడుక్కోవాలని పట్టుబడితే, పురిటాళ్ళ చావులు బాగా తగ్గిపోయాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట లెక్కచెయ్యలేదు. ఇక మన ఊళ్ళ సంగతి చెప్పాలా? బొడ్డు కొయ్యడానికి ఇంట్లో ఏ కత్తి ఉంటే అది, ఏ కొడవలి ఉంటే అది. దానివల్ల బిడ్డకి ధనుర్వాతం వొచ్చేది. ‘బాలగ్రహం పట్టింది, వారం తిరక్కుండా బిడ్డ పోయాడు’ అనుకునేవాళ్ళు. తల్లికి జ్వరమొస్తే ‘సన్నిపాతం కమ్మింది’ అనుకునేవాళ్ళు. కారణం ఇదీ అని తెలియనప్పుడు కర్మమీద వెయ్యక ఏం చేస్తారు?

పోనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది అసలు అడ్డు. డాక్టరంటే మగవాడు. గోషా పాటించే తురకవారి ఇళ్ళల్లో అయితేనేం, సంప్రదాయం గల హిందువుల ఇళ్ళల్లో అయితేనేం, ఆడమనిషి ఒంటిని పరాయి మగవాడు చూడ్డమనే ప్రసక్తే లేదు. మహా అయితే భర్త వెళ్ళి, ‘ఇంట్లో మనిషికి ఫలానా బాధ’ అని నోటితో చెప్పి మందు తెచ్చేవాడు. ఆ బాధ సగం ఆయనకీ తెలీదు, తెలిసిన సగం చెప్పడానికి సిగ్గు. ఇట్లా మందుండీ, డాక్టరుండీ, ఆడమనిషి గడప దాటలేక చచ్చిపోయేది. ‘ప్రాణం పోయినా ఫరవాలేదు, మానం పోకూడదు’ అనే మాట ఒక ఆడదాని ప్రాణానికి ఎంత ఖరీదు కట్టిందో చూశారా?

ఈ సంగతే ఒక ఉత్తరంలో గుంటూరునించి అమెరికా వెళ్ళింది. అప్పుడు గుంటూరులో అమెరికా లూథరన్ మిషన్ వాళ్ళు పనిచేస్తూండేవారు. ఆ మిషన్ మనకి పాతదే. హేయర్ అనే ఆయన 1842లో గుంటూరు వొచ్చి దాన్ని మొదలుపెట్టారు. తరవాత మన పల్నాడులో గురజాల దాకా వొచ్చి కొన్నాళ్ళున్నారు కూడాను. ఆ మిషన్‌లోనే పనిచేస్తూండిన ఆడం రో అనే ఆయన 1882లో ఆ ఉత్తరం రాశారు. ఇక్కడ గోషా స్త్రీలు వైద్యం అందక పోతున్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగేది ఆడ డాక్టరే, మీరు రాగలరా అని దాని సారాంశం. ఆ ఉత్తరం అందుకున్నావిడే అన్నా కుగ్లర్.

ఆవిడ పుట్టింది 1856 ఏప్రిల్ 19న, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో. ఆడపిల్లలు డాక్టరీ చదవడమంటే ఆ దేశంలోనూ వింతే. మగవాళ్ళ కాలేజీలు చాలావరకు చేర్చుకునేవి కావు. అందుకని ఫిలడెల్ఫియా నగరంలో 1850లో ఆడవాళ్ళకోసమే ఒక వైద్య కళాశాల పెట్టుకున్నారు. అన్నా కుగ్లర్ అక్కడ చదివి 1879లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తరవాత మతి చలించిన వాళ్ళ ఆస్పత్రిలో పని చేశారు.

ఆ కళాశాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన దేశంనించి వెళ్ళి అక్కడ చదువుకున్న ఆనందీబాయి జోషీ పేరు మీరు వినే ఉంటారు. మహారాష్ట్ర అమ్మాయి. 1886లో పట్టా తీసుకుని తిరిగొచ్చి, 1887లో క్షయవ్యాధితో, ఇరవైరెండేళ్ళు నిండకుండానే పోయింది. ఆమెతోపాటే అక్కడ జపాను దేశపు స్త్రీ ఒకావిడ చదివింది. పేరు కేయ్ ఒకామీ. భర్తతో కలిసి అమెరికా వెళ్ళి, పరాయి భాషలో చదివి, 1889లో డాక్టరై మళ్ళీ జపాను చేరింది. ఆనందీబాయి చీరెలో, ఒకామీ తన దేశపు కిమోనోలో, సిరియానించి వొచ్చిన మరొక అమ్మాయి తన దేశపు దుస్తుల్లో కలిసి కూచుని 1885లో తీయించుకున్న ఫోటో ఇవాళ్టికీ భద్రంగా ఉంది. ఆలోచిస్తే వింతగా ఉంటుంది. చదువుకోసం మన వైపు స్త్రీలు సముద్రం దాటి అటు వెళ్ళారు. అదే కాలంలో అదే కాలేజీలో చదివినావిడ, ఆ చదువుని పట్టుకుని సముద్రం దాటి ఇటు వొచ్చింది. అయితే వాళ్ళిద్దరూ చదువయ్యాక సొంత దేశం చేరుకున్నారు. ఈవిడ మాత్రం వొచ్చిన చోటే ఉండిపోయింది.

వొచ్చేటప్పుడు దారి మాత్రం సుఖంగా లేదు. ఆవిణ్ణి పంపించింది అక్కడి లూథరన్ చర్చి స్త్రీల సంఘం. వైద్యం పని మొదలుపెట్టడానికి ఆ సంఘం అప్పటికి సిద్ధంగా లేదు. ‘డాక్టరుగా పంపలేం, టీచరుగా అయితే పంపిస్తాం’ అన్నారు. ఆవిడ ఆలోచించి ‘సరే’ అన్నారు. చూడండి, చదివింది డాక్టరీ, ఒప్పుకుంది పంతులమ్మ ఉద్యోగం. మనలో ఎంతమందిమి అట్లా సరిపెట్టుకుంటాం? కాని ఆవిడ సరిపెట్టుకోలేదు, ముందు గడప లోపలికి అడుగుపెట్టారు, అంతే. 1883 ఆగస్టులో ఓడెక్కి నవంబరు చివరికి గుంటూరు చేరారు. మూడు నెలల ప్రయాణం. అప్పటికి ఆవిడ వయస్సు ఇరవైఏడు.

వొచ్చాక తెలుగు నేర్చుకోవాలి. బళ్ళు చూసుకోవాలి. ఆడపిల్లల బడికి వెళ్ళడం, ఇళ్ళకి వెళ్ళి స్త్రీలకి చదువు చెప్పించడం ఇవీ ఆవిడకి అప్పగించిన పనులు. మరి చదువు చెప్పడానికి వెళ్ళిన ఇంట్లో ఒక మూల పిల్లవాడు జ్వరంతో మూలుగుతూంటే, ఇంకో మూల పురిటాలు లేవలేక పడుంటే డాక్టరు చదివిన మనిషి ఊరుకోగలదా? పాఠం ఒక పక్క, మందు ఒక పక్క. అట్లా మొదలైంది వైద్యం. అది చూసి, వొచ్చిన రెండేళ్ళకి, 1885 చివర్లో, ఆవిణ్ణి వైద్యం పనికే నియమిస్తున్నామని సంఘం వారు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు చిన్న మందులశాల తెరిచారు.

ఇక్కడ ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆవిడ మిషనరీ. తన మతాన్ని చెప్పడం కూడా తన పనిలో భాగమేనని నమ్మి వొచ్చిన మనిషి. అందుకే ‘మందు పేరు చెప్పి మతంలో కలుపుకుంటారేమో’ అని మనవాళ్ళు సందేహించారు. ఆ సందేహం తప్పని అనలేం. ఇంకా మడీ, మైలా ఉన్నాయి. దొరసాని ముట్టుకున్న గుడ్డ తడపాలి, ఆవిడ చేతి నీళ్ళు కలిపిన మందు తాగకూడదు. పొడి మందైతే తీసుకెళ్ళి ఇంట్లో నీళ్ళతో కలుపుకుంటారు, నీళ్ళ మందైతే వొద్దంటారు. ఆ రోజుల్లో పరాయి వైద్యులందరికీ ఎదురైన చిక్కే ఇది. మరి ఇన్ని సందేహాలు ఎట్లా కరిగాయంటారా? వాదించి ఎవరూ ఎవరినీ నమ్మించలేరు. ఒకింట్లో తల్లీ బిడ్డా క్షేమంగా లేచి తిరిగితే, ఆ సంగతి నూతి దగ్గర పక్కింటావిడకి తెలుస్తుంది. ఆవిడ తోడికోడలికి చెబుతుంది. తోడికోడలు పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడ చెబుతుంది. మన ఆడవాళ్ళ వార్తలు ఎంత వేగంగా ప్రయాణం చేస్తాయో నేను చెప్పక్కర్లేదు కదా! మతం సంగతి మనస్సులో ఉంచుకుంటూనే, మనిషిని నమ్మడం నేర్చుకున్నారు.

మందులశాల ఎంత బాగా నడిచినా ఆస్పత్రి కాదు. మందు ఇచ్చి ఇంటికి పంపిస్తే, ఆ ఇంట్లో గాలి ఆడని గదిలో మళ్ళీ అదే నులకమంచం. కోతలు కొయ్యాల్సిన జబ్బు అయితే మనిషిని పడుకోబెట్టి, నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. అందుకు కట్టడం కావాలి, మంచాలు కావాలి, నర్సులు కావాలి, డబ్బు కావాలి. 1889లో సెలవుమీద సొంత దేశం వెళ్ళి, అక్కడ ఉన్న రోజులు ఇంకా చదువుకోడానికీ, ఆస్పత్రి కోసం డబ్బు పోగుచెయ్యడానికీ వినియోగించారు. 1891లో తిరిగొచ్చారు. పద్ధెనిమిది ఎకరాల స్థలం కొన్నారు. 1893లో మందులశాలకి మంచి కట్టడం లేచింది. 1898 జూన్ 23న యాభై మంచాల ఆస్పత్రి తెరిచారు.

ఈ తేదీలు వరసగా చెబితే రెండు నిమిషాలు పట్టింది. కాని లెక్క వేసి చూడండి. ఆవిడ ఊళ్ళో అడుగుపెట్టింది 1883లో, ఆస్పత్రి తలుపు తెరిచింది 1898లో. నడుమ పదిహేనేళ్ళు. ఇరవైఏడేళ్ళ వయస్సులో వొచ్చిన మనిషికి నలభైరెండు వొచ్చాయి. ఈ పదిహేనేళ్ళలో ఏ ఏడైనా ‘ఇది నావల్ల అయ్యే పని కాదు’ అని ఓడెక్కి వెళ్ళిపోయుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కారు. గొప్ప పని అంటే ఒక్కరోజు చేసే సాహసం అనుకుంటాం. చాలాసార్లు గొప్ప పని అంటే లేచి వెళ్ళిపోకుండా ఉండడమే.

ఇక నా మనస్సుకి బాగా హత్తుకున్న సంగతి ఒకటుంది. గృహిణులం గనక మనకే అది బాగా అర్థమవుతుంది. ఆస్పత్రి కట్టినంత మాత్రాన ఆడవాళ్ళు వొచ్చి చేరరు. ఎందుకని? ఆడమనిషి ఒంటరిగా జబ్బు పడదు. ఆవిడ మంచం పడితే వెనకాల అత్తగారు, తల్లి, చంటిపిల్ల, భర్త అందరూ బయలుదేరతారు. వాళ్ళు ఎక్కడుంటారు? ఎక్కడ వొండుకుంటారు? ఎవరి చేతి కూడు తింటారు? పురిటాలికి కాయం ఎవరు చేసి పెడతారు? పథ్యం ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకి జవాబు లేకపోతే, ఎంత మంచి ఆస్పత్రైనా మన ఇల్లాలికి ఆమడ దూరమే. ఈ చిక్కుని విడదీసింది ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు. తమ కుటుంబంలోని స్త్రీకి కుగ్లర్ దగ్గర వైద్యం జరిగిన కృతజ్ఞతకొద్దీ ఆయన ఆస్పత్రి దగ్గర ఒక సత్రం కట్టించారు. రోగుల వెంట వొచ్చిన హిందూ కుటుంబాలు అందులో దిగి, తమ ఆచారం ప్రకారం తాము వొండుకు తినొచ్చు.

చూశారూ? ఆస్పత్రి కట్టిందేమో అమెరికా స్త్రీ, క్రైస్తవురాలు. దాని పక్కన సత్రం కట్టించిందేమో తెలుగు జమీందారు, హిందువు. ఆస్పత్రి మందుని తెచ్చింది, సత్రం మనుషుల్ని తెచ్చింది. ఆ రెండూ కలిస్తేనే ఆడదానికి వైద్యం అందింది. ‘మీ ఆచారాలు మానేసి రండి’ అని ఆవిడ కూచుని ఉంటే ఎవరూ వొచ్చేవాళ్ళు కారు. ‘మా ఆచారం ఇది, మేం చావనైనా చస్తాం’ అని మనవాళ్ళు భీష్మించుకుని ఉన్నా లాభం లేకపోయేది. ఇద్దరూ చెరో అడుగు వేశారు. అప్పుడే గడప తగ్గింది.

ఒక్క మనిషి ఎన్నాళ్ళని అన్నీ మోస్తుంది? 1895లో మేరీ బేర్ అనే మరో డాక్టరు అమెరికానించి వొచ్చి చేరారు. ఆ తరవాత చీరాల ఆస్పత్రి ఆవిడ చేతిమీద పైకొచ్చింది. మన పల్నాడులో రెంటచింతలలో కూడా ఆ మిషన్ ఆస్పత్రి వెలిసింది. రెంటచింతల ఎండలు ఎట్లాంటివో మీకు చెప్పాలా? వేసవిలో రేడియోలో వాతావరణం వార్తలు వొచ్చినప్పుడల్లా ఆ పేరు వింటూనే ఉంటాం కదా. ఆ ఎండల్లో, ఆ దూరంలో ఒక ఆస్పత్రి ఉండడమంటే మాచెర్ల, గురజాల వైపు స్త్రీకి ఎంత ధైర్యమో!

ఇంకా ముఖ్యమైనది నర్సుల శిక్షణ. మన పిల్లలకే నర్సు పని నేర్పడం మొదలెట్టారు. అప్పటికి నర్సు పని అంటే ఇళ్ళల్లో చిన్నచూపు. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడమేమిటని ముఖం చిట్లించేవాళ్ళు. ఆ పనికి ఒక యూనిఫారం తొడిగి, ఒక చదువు చెప్పి, ఒక జీతం ఇచ్చి గౌరవం తెచ్చారు. చదువుకుని తన కాళ్ళమీద తాను నిలబడాలనుకున్న ఆడపిల్లకి మన జిల్లాలో తెరుచుకున్న తొలి తలుపుల్లో ఇది ఒకటి. ఇవాళ మన పిల్లలు నర్సులై ఢిల్లీ, దుబాయి, లండను వెళ్ళి, అక్కడ పరాయి దేశపు రోగులకి సేవ చేస్తున్నారు. అంటే, ఆనాడు ఈవిడ వొచ్చిన దారిలోనే ఈనాడు మన పిల్లలు ఎదురు వెళ్తున్నారన్న మాట. వాళ్ళూ అక్కడ కొత్త భాష నేర్చుకుంటున్నారు, పరాయి వంట తింటున్నారు, రాత్రిళ్ళు అమ్మకి ఫోను చేసి కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళ కష్టం తెలిస్తే ఈవిడ కష్టం తెలుస్తుంది.

1905లో అప్పటి ప్రభుత్వం ఆవిడకి కైజరె హింద్ పతకం ఇచ్చింది. ప్రజాసేవ చేసినవాళ్ళకి బ్రిటిషువారు ఇచ్చే పతకం అది. ఆస్పత్రి కథని ఆవిడే పుస్తకంగా రాసిపెట్టారు, 1928లో అచ్చయింది. పెళ్ళి చేసుకోలేదు. డెబ్భైనాలుగేళ్ళ వయస్సులో, 1930 జూలై 26న గుంటూరులోనే కాలం చేశారు. ఆ తరవాత ఆస్పత్రికి ఆవిడ పేరే పెట్టారు. మనకి బిడ్డలకి పెద్దల పేరు పెట్టుకోవడం అలవాటు. గుంటూరు కూడా అట్లాగే తన ఆస్పత్రికి ఆవిడ పేరు పెట్టుకుంది.

సరే, కథ విన్నాం, బాగుంది. మరి ఇవాళ మనకి దీంతో ఏం పని అంటారా? చెబుతాను. ఇవాళ ఆడ డాక్టర్లకి కొదవలేదు. గుంటూరులో 1946లోనే వైద్య కళాశాల వొచ్చింది. ఊరూరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇంటికొచ్చి అడిగే ఆశా కార్యకర్త ఉన్నారు. 2005నించి 108 అని నొక్కితే బండి గుమ్మం ముందుకి వొస్తోంది. 2018–20 లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి లక్ష కాన్పులకి 97 మంది తల్లులు పోయారు, మన ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. పాత రోజులతో పోలిస్తే ఎంతో నయం. కాని ఆ 45 అంకె కాదు, నలభై అయిదు ఇళ్ళు. అందులో చాలా ప్రాణాలు, సకాలంలో చూపించుకుంటే నిలిచేవే.

గడప తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆనాడు మనల్ని ఆపింది గోషా, మడి. ఈనాడు ఆపుతున్నది సిగ్గు, ‘ఇంకో వారం చూద్దాం’ అనే వాయిదా, ‘నాకెందుకులే డబ్బు దండగ’ అనే త్యాగం. పిల్లాడికి జలుబు చేస్తే రాత్రికి రాత్రి డాక్టరు దగ్గరికి పరుగెత్తే తల్లి, తన రొమ్ములో గడ్డ తగిలితే ఆరు నెలలు ఎవరికీ చెప్పదు. ముట్లుడిగిన ఏడాదికో, రెండేళ్ళకో మళ్ళీ నెత్తురు కనిపిస్తే ‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు నానబెట్టుకుంటుంది. వాసనతో తెల్లబట్ట అవుతుంటే ఓర్చుకుంటుంది. మన స్త్రీలలో సగం మందికి పైగా రక్తం తక్కువ. ‘ఆయాసం, నీరసం ఆడదానికి మామూలే’ అని మనమే తీర్మానం చేసుకుంటాం.

అందుకని కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదు. ముట్లుడిగాక ఒక్క చుక్క నెత్తురు కనిపించినా చూపించుకోవాలి. గర్భిణీకి ముఖమూ చేతులూ ఉబ్బి, తలనొప్పి విడవకుండా ఉండి, కళ్ళముందు మసకలు కమ్మితే అది రక్తపోటు కావొచ్చు. దిష్టి తీసి పడుకోబెట్టకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కాన్పు అయిన తరవాత చలిజ్వరం వొచ్చినా, గుడ్డలు ఒకదాని తరవాత ఒకటి తడిసిపోతున్నా గంటలు లెక్కపెట్టుకోవలసిన సమయం అది. ఇవేవీ సిగ్గుపడే సంగతులు కావు. జబ్బుకి లేని సిగ్గు మనకెందుకు?

ఇంట్లో కోడలో, కూతురో ‘అత్తయ్యా, ఇట్లా ఉంది’ అనో, ‘అమ్మా, ఇట్లా ఉంది’ అనో చెప్పబోతే, ‘మేం పడలేదా?’ అనకండి. ఆ ఒక్క మాట ఎన్ని నోళ్ళు మూయించిందో! మనం పడ్డాం గనకనే వాళ్ళు పడకూడదు. ఆనాడు గడప బయట నించున్నది మగ డాక్టరు. ఈనాడు కొన్ని ఇళ్ళల్లో గడపకి అడ్డంగా నించుంటున్నది మనమేనేమో ఒకసారి ఆలోచించండి.

ఇంకొక్క పని కూడా చెయ్యండి. మీ ఇంట్లో ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఎవరైనా ఉంటే, ‘నీ కాన్పులు ఎట్లా అయ్యాయి? మీ అమ్మకి ఎంతమంది పుట్టారు? ఎంతమంది దక్కారు?’ అని తీరిగ్గా కూచుని అడగండి. దక్కని బిడ్డల లెక్క కూడా ఆవిడ మనస్సులో ఉంటుంది. ఎవరూ అడగరు గనక చెప్పదు. ఆ లెక్క వింటే, ఒక పరదేశపు అమ్మాయి ఇరవైఏడేళ్ళ వయస్సులో మూడు నెలలు ఓడ ప్రయాణం చేసి మన ఊరికి ఎందుకొచ్చిందో, ఏ పుస్తకం చదవకుండానే మీకు తెలుస్తుంది.